తమ్ముడు కట్టిన పుష్పకం

ఆ ఏడు శ్రీరామనవమికి స్వామిని కూర్చోబెట్టే పుష్పక విమానం కట్టే పనిని మా భజన సంఘం చేత తమ్ముడికి ఇప్పించింది నేనే. బర్మాలో, బోటాటౌంగ్ అనే రేవు పేటలో మా వీధివాళ్లంతా రేవు పని మీద బతికేవాళ్లు. మిలిటరీ ప్రభుత్వం వచ్చాక కంపెనీలు సర్కారు చేతిలోకి వెళ్లిపోయాయి. తమ్ముడు సరుకుకు చెక్క పెట్టెలు చేసే గోదాముకు తాళం పడింది. పౌరసత్వం కాగితాలు లేవు కనుక ఇంకెక్కడా పని దొరకలేదు. చివరికి వెళ్లి ఇండియా ఓడకు పేరు రాయించుకుని వచ్చాడు. అమ్మ మూడు రోజులు సరిగ్గా తినలేదు. చేతికి ఒక పని తగిలితే ఓడ మాట మానుకుంటాడని ఆమె ఆశ. నాదీ అదే ఆశ. పని మొదలుపెట్టాక వాడే అమ్మతో అన్నాడట, ఇది స్వామికి నచ్చేటట్టు కుదిరితే పేరు కొట్టించేసుకుని ఇక్కడే ఉండిపోతానని.

సంఘంలో రామాయణం చదివేది నేను. శ్లోకం, అర్థం నాన్న దగ్గర నేర్చుకున్నాను. గ్రంథంలో ఏది ఎలా ఉంటే అది అలాగే జరగాలన్నది నా పట్టుదల.

తమ్ముడికి గ్రంథం కంటే చెక్క మీదే మనసు. ఊరి నడుమ చౌక్తడా పేటలో పేవ్‌మెంటు మీద పాత పుస్తకాలు అమ్మేవాడి దగ్గర ఒక ఇంగ్లీషు పత్రిక కొన్నాడు. అందులో ఫ్రాన్సువాళ్ల యుద్ధ విమానం బొమ్మ ఉంది. కింద రాసింది నేనే చదివి చెప్పాను. దాదాపు అంతా చెక్కతోనే కట్టారట. మంచి వేగం. దాని మీద ఎంతో ఆశ పెట్టుకున్నారు. కానీ వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్ని తయారయ్యేసరికే దేశం ఓడిపోయింది. తమ్ముడు ఆ కాగితాన్ని గోడకు అంటించుకున్నాడు. పలకను ఎలా వంచి ఉంటారో, అతుకు ఎక్కడ వేసి ఉంటారో వేలితో చూపించేవాడు.

నవమికి వారం ముందు తను కట్టినదాన్ని పందిట్లోకి తెచ్చాడు. తేయాకు పెట్టెల ప్లైవుడ్డును నానబెట్టి వంచి, ఎక్కడా మేకు కనబడకుండా అతికించాడు. రెండు పక్కలా పొడవాటి రెక్కలు, ముక్కున తిరిగే పంకా. అచ్చం ఆ ఫ్రెంచి విమానమే. వీధి పిల్లలు విమానాన్ని బర్మా మాటలో "లేయిన్, లేయిన్" అంటూ దాని చుట్టూ తిరిగారు.

సంఘం పెద్దాయన కళ్లద్దాలు సర్దుకుని చూసి, "రావుడికి లైసెన్సు ఉందేటిరా?" అన్నాడు.

"ఒక్క సీటే ఎట్టినావు. సీతమ్మోరు రెక్క మీద కూకుంతారేటి?" అన్నాడు పక్కాయన.

అందరూ నవ్వారు, తమ్ముడు కూడా. నాకు నవ్వు రాలేదు. వాల్మీకి హంసలు పూన్చిన విమానమని చెప్పాడని, మనుషులను చంపడానికి కట్టిన యంత్రంలో స్వామిని ఎలా కూర్చోబెడతామని అడిగాను.

తమ్ముడు రెక్క మీద చెయ్యి వేశాడు. "అది ఎవుల్నీ సంపనేదన్నయ్యా," అన్నాడు. "నువ్వే కదా సదివి సెప్పినావు. యుద్దానికి అందనేదు. ఒంటికి నెత్తురు అంటనేదు. రావుడు కూకోడానికి అంతకన్నా సుద్దమైంది ఏటుంటాది?"

నేను చదివిన మాటే నాకు అప్పజెప్పాడు. అందుకే కోపం వచ్చింది. ఆ రెక్కలు తీసేస్తేనే సంఘం తీసుకుంటుందని అందరి ముందూ అనేశాను. గ్రంథం చదివేవాడి మాటకు పెద్దలెవరూ అడ్డు చెప్పలేదు. ఇంటికి వచ్చాక అమ్మ, "ఆడు ఉండిపోతానన్నాడురా. నీ పుస్తకం ఒక్క పూట పక్కనెట్టలేవా?" అని అడిగింది. తప్పు తప్పేనన్నాను.

మర్నాడు తమ్ముడే రంపం తెచ్చి రెక్కలు కోసేశాడు. నేను చెప్పిన కొలతకు అట్టతో హంసలు చేసి అతికించాడు. ఓడ సంగతి ఇంట్లో మళ్లీ ఎత్తలేదు, పేరూ కొట్టించుకోలేదు.

పట్టాభిషేకం రోజు పొద్దున ఓడ. రేవు మా వీధి నుంచి నడిచివెళ్లేంత దూరమే. వాణ్ణి సాగనంపడానికి అమ్మ వెళ్లింది. పారాయణం నాదని నేను పందిట్లోనే ఉండిపోయాను.

ఎన్నోసార్లు చదివిన ఘట్టం, ఆ రోజే అర్థమైంది. రావణుడు పడిపోయాకే విభీషణుడు పుష్పకాన్ని తెచ్చి రాముడి ముందు నిలిపాడు. రాముడు దాని మీద యుద్ధం చేయలేదు. గడువు దాటితే భరతుడు అగ్నిలో దూకుతాడు కనుక, తమ్ముడి కోసం ఎక్కాడు. ఆ మాటలు నా నోటి నుంచే వస్తున్నాయి. పుస్తకం మూసి పరుగెత్తి ఉండవచ్చు. మధ్యలో ఆపకూడదని చివరిదాకా చదివాను. అప్పుడు బయలుదేరితే రేవు దారిలోనే అమ్మ ఎదురైంది. నన్ను చూసి ఆగకుండా ఇంటివైపు నడిచింది.

ఇండియా చేరానని అమ్మ పేర వాడి కార్డు ఒకటి వచ్చింది. ఆ తర్వాత నేను రాసిన ఉత్తరాలన్నీ తిరిగి వచ్చాయి. అమ్మ పోయిందని వాడికి తెలుసో తెలియదో. నేను దేవుణ్ణి క్షమాపణ అడగని రోజు లేదు. ఆయన క్షమిస్తాడు, అందులో నాకు సందేహం లేదు. కానీ నేను తప్పు చేసింది ఆయనకు కాదు.

ప్రతి నవమికీ ఇప్పటికీ నేనే చదువుతాను. భరతుడి దగ్గరికి వచ్చేసరికి కాసేపు పుస్తకం మూసేస్తాను. వినేవాళ్లు కళ్లు తుడుచుకుంటారు. అది నా భక్తి అనుకుంటారు. కాదని ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.