వాసన తెలియని విశాలాక్షి

విశాలాక్షి యూనివర్సిటీ ఆఫీసులో టైపిస్టు. నలభైకి రెండేళ్ళు తక్కువ. తార్నాకలో ఒక మేడ మీద గది తీసుకుని పదకొండేళ్ళుగా ఒక్కతే ఉంటోంది. పొద్దున్నే ఇంత వండుకుని క్యాంపస్‌కు నడిచి వెళ్ళడం, సాయంత్రం అదే దారిన తిరిగి రావడం. ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేక వారాలు గడిచిపోయేవి.

1968లో క్యాంపస్ దవాఖానాకు గంగాధర్ అనే కొత్త డాక్టరు వచ్చాడు. అనంతపురం వైపు మనిషి. తలకు దెబ్బ తగిలినవాళ్ళకు వాసన తెలుస్తోందో లేదో తేల్చడానికి చిన్న సీసాల్లో రకరకాల వాసనల దూది పెట్టి ఒక పరీక్ష తయారు చేసుకున్నాడు. ముందు ఆరోగ్యంగా ఉన్నవాళ్ళు ఏ సీసాను గుర్తుపడతారో తెలియాలి కదా. అందుకని ఆఫీసులకు కబురు పెట్టాడు.

"ఐదు నిమిషాల పనమ్మా. సూది గీది ఏం లేదు, రా పోదాం" అని విశాలాక్షిని పిలుచుకుపోయింది ఆయా ఈరమ్మ.

డాక్టరు ఆమెను కళ్ళు మూసుకోమన్నాడు. ఒక ముక్కుపుటం నొక్కి పట్టుకోమని, రెండోదాని కింద సీసా పెట్టాడు.

"ఏం వాసనొస్తాంది?"

"ఏమీ లేదండి."

రెండో సీసా, మూడోది, నాలుగోది. అదే జవాబు. జలుబు చేసిందా అంటే లేదంది.

"దూది మీద ఏదైనా పోయడం మరిచిపోయారేమోనండి" అంది మొహమాటంగా.

ఈరమ్మ ఆ సీసా అందుకుని వాసన చూసింది. "అయ్యో, గులాబి అత్తరమ్మా! గది మొత్తం గుమగుమ అంటున్నది."

డాక్టరు ఇంకో సీసా తీశాడు. ఈసారి విశాలాక్షి తల వెనక్కి లాక్కుంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "వచ్చింది! వాసన వచ్చిందండీ!" అని సంబరంగా నవ్వింది.

"అది అమ్మోనియా తల్లీ. మీకు తెలిసింది వాసన గాదు, మంట. ఆ నరం వేరే" అన్నాడాయన మెల్లగా. "ఎప్పుడన్నా తలకు దెబ్బ తగిలిందా?"

"లేదండి."

"చిన్నప్పుడు వాసనలు తెలిసేవా?"

ఆమె ఆలోచనలో పడింది. చిన్నతనంలో పాలు మాడినా పక్కనే కూర్చుని చదువుకునేది. 'ముక్కు పనిచెయ్యదుటే!' అని అమ్మ మొట్టేది. పూలు చేతికిస్తే అందరిలాగే ఊపిరి పీల్చి, కళ్ళు మూసుకుని తల ఊపేది. వాసన అంటే అలా మెచ్చుకోవడమే అనుకుంది ఇన్నాళ్ళూ.

"పుట్టుకతోనే లేనట్లుంది" అన్నాడు డాక్టరు అంతా విని. "అరుదుగా ఉంటారు. మందు లేదమ్మా."

"ఇక్కడ నాలాంటివాళ్ళు ఇంకెవరైనా..."

"నూట పదిహేడు మందిని చూసినా. ఒక్కరూ తగల్లేదు." ఆమె కాగితాన్ని మిగతావాటితో కలపకుండా పక్కన పెట్టాడు.

ఆ ఆదివారం విశాలాక్షి మల్కాజ్‌గిరిలో చెల్లెలు అన్నపూర్ణ ఇంటికి వెళ్ళింది. అమ్మ రెండేళ్ళ కిందట అక్కడే పోయింది. దినాలయ్యాక అమ్మ చీర మొహానికి ఆనించుకుని 'అమ్మ వాసన పోలేదక్కా' అని అన్నపూర్ణ బావురుమంది. అక్క చేతికీ ఇచ్చింది. విశాలాక్షికి బట్ట తప్ప ఏమీ తెలియలేదు. కన్నీరు రాలేదు. చీర మడత పెట్టి పక్కన ఉంచింది. నాది రాతిగుండె కాబోలు అని ఆనాటి నుంచీ తనను తానే తిట్టుకుంటోంది. చెల్లెలి మనసులోనూ అదే మాట ఉందని ఆమెకు తెలుసు.

డాక్టరు చెప్పిందంతా చెప్పింది. అన్నపూర్ణ బియ్యం ఏరుతూ వింది. చేట కింద పెట్టేసింది.

"అయితే ఆ రోజు నీకు..."

"ఏమీ తెలియలేదే. అమ్మ వాసన ఎలా ఉండేది? చెప్పవూ?"

"పసుపు వాసన. కొంచెం పొగ. తడి జుట్టు..." అన్నపూర్ణ ఆగిపోయింది. "కాదక్కా, అవేమీ కాదు. అమ్మలా ఉండేది. ఎలా చెప్పను?" కళ్ళొత్తుకుంది. కాసేపటికి, "ఒక్కదానివీ ఉంటావు. ఏదైనా అంటుకుంటే ఎలా తెలుస్తుంది? ఇక్కడికి వచ్చెయ్యకూడదూ?" అంది.

"ఆఫీసుకు దూరమవుతుందే."

అన్నపూర్ణ రెండోసారి అడగలేదు.

తిరుగు ప్రయాణంలో బస్సు ఒక మురికికాలవ పక్కన ఆగింది. జనమంతా ఒక్కసారిగా కొంగులూ రుమాళ్ళూ ముక్కులకు అడ్డం పెట్టుకున్నారు. మరెప్పుడైనా అయితే విశాలాక్షి కూడా కొంగు పైకి లాగేదే. ఈసారి చేతులు ఒళ్ళోనే ఉంచుకుని, పక్కనున్నావిడ వైపు తిరిగి, "ఏం వాసనండీ?" అని అడిగింది.

ఆవిడ ఎగాదిగా చూసి కిటికీ వైపు తిరిగిపోయింది.