నేలకు తగిలిన గీత

మా కోటమ్మ పిన్నిని నేను ఒక స్కెచ్ పెన్నుతో ఆస్పత్రి పాలు చేశాను. కత్తితో అయితే కేసన్నా పెట్టేవాళ్లు. స్కెచ్ పెన్నుకు ఏ సెక్షనూ లేదు కాబట్టి నా తప్పు నేనే చెప్పుకోవాలి.

అప్పట్లో నేను నరసరావుపేటలో లెక్కలు చెబుతూ, రోగక్రిములు మందులకు లొంగకుండా ఎలా మొండికేస్తాయో సమీకరణాల్లో పెట్టే పరిశోధన చేస్తున్నాను. క్రిములన్నీ నన్నడిగే కదులుతున్నాయన్నంత పొగరు నాది. మాచవరంలో పిన్నికి మూత్రంలో ఇన్‌ఫెక్షన్ వచ్చింది. డాక్టరు వారానికి మాత్రలు రాస్తే, రెండో రోజుకే జ్వరం దిగిందని, ఇక మానేసి మిరపకోతకు పోతానంటోందని బాబాయి ఫోన్ చేశాడు. డాక్టరు చెబితే వినని మనిషి నా మాట వింటుందా అని మీకు తడుతుంది. నాకు తట్టలేదు. బస్సెక్కాను.

పాత క్యాలెండరు కాగితం తిప్పి ఎర్రగీత గీశాను. ఒంట్లో క్రిములు మొదటి రోజు కొండవీడంత ఎత్తున ఉంటాయని, మూడో రోజుకు కోట్లు కాస్తా వేలకు దిగుతాయని, మందు మానేస్తే ఆ మిగిలిన మొండివే మళ్లీ పెరుగుతాయని గంటసేపు దంచాను. కోట్ల పక్కన వేలు ఎంత? పెన్ను మందం కూడా ఉండవు. గీత మూడో రోజుకే నేలకు అతుక్కుపోయింది. పిన్ని శ్రద్ధగా చూసి, తలూపి, కాగితం దాచుకుంది. గెలిచాననుకుని తిరుగు బస్సెక్కాను.

పది రోజులకు ఆవిడ నరసరావుపేటలో ఆస్పత్రి మంచం మీద, నడుం నొప్పితో ముడుచుకుపోయి కనిపించింది. పాత మాత్రలు ఇక పనిచేయవని, సూదులే గతి అని డాక్టరు చెప్పాడు. మాత్రలన్నీ వేసుకోలేదా అని పిన్నినే అడిగాను.

"నువ్వేగా చూపిచ్చింది. మూడో రోజుకే గీత నేలకి తగిలింది. ఇంక ఏడు రోజులెందుకని ఆపేశా."

"మరి మిగిలినవి?"

"పక్కింటి సుబ్బులక్కకి జొరమంటే ఇచ్చా. ఊరికే ఇవ్వలా, నీ బొమ్మ చూపిచ్చి అర్థమయ్యేట్టు చెప్పే ఇచ్చా."

నవ్వొచ్చింది. ఆవిడ చేతికున్న సూది చూశాక ఆ నవ్వుకు సిగ్గేసింది. నా మొహం చూసి ఆవిడే ఓదార్చింది.

"నీ తప్పేం లేదులే అబ్బాయ్. గీత చానా బాగా గీశావ్."

తిట్టినా అంత బాధపడేవాణ్ణి కాదు. ఇంటికి పంపేటప్పుడు డాక్టరు మళ్లీ వారానికి వేరే మాత్రలు రాశాడు. సెలవు పెట్టి, మాచవరంలోనే ఉండి, ఆ వారమంతా పూటకో మాత్ర నా చేత్తోనే మింగించాను. ఆఖరి రోజు పక్కింటి సుబ్బులమ్మ వచ్చి, తన జ్వరం తిరగబెట్టిందని, ఈసారి ఎన్నాళ్లు వేసుకోవాలో ఇంకో బొమ్మ గీసివ్వమంది.

మా కాలేజీ నల్లబల్ల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: జబ్బుపడ్డ మనిషి ముందు జన్మలో పెన్ను మూత తీయను. సుబ్బులమ్మను ఆ పూటే బస్సెక్కించి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను.