ముఖం ఒకరిది, ఫొటో ఒకరిది

మోత్కూర్‌లో ఆడవాళ్లు ఫొటో దిగాలంటే జాహేదా దగ్గరికే వెళ్లేవాళ్లు. భర్త మెహమూద్ బతికున్నప్పుడు ఆయన కెమెరా భుజాన వేసుకుని పెళ్లిళ్లకు ఊళ్లు తిరిగేవాడు. జాహేదా ఇంటి వెనుక చీకటి గదిలో ప్రింట్లు తీసేది. సన్నటి పెన్సిలుతో ముఖాల మీది మచ్చలు దిద్దేది. కామెర్లు ముదిరి ఆయన పోయాక చుట్టాలందరూ కెమెరా అమ్మెయ్యమన్నారు. అత్త లాడ్లీ బేగం మాత్రం ససేమిరా అంది.

"మిషను కుట్టి బతికే ఆడోళ్లు లేరా? ఇది గూడ మిషనే," అని అందరి నోళ్లూ మూయించింది.

అలా 1985లో ఇంటి ముందు గదిలోని స్టూడియో జాహేదా చేతికి వచ్చింది. పరదా పాటించే ఇళ్ల నుంచి కొత్త పెళ్లికూతుళ్లు వచ్చి ఆమె ముందు ముసుగు తీసేవాళ్లు. పల్లెల నుంచి ఆడపిల్లలు సంబంధాల ఫొటోల కోసం వచ్చేవాళ్లు. ఎవరి నెగటివ్ వాళ్ల పేరు రాసిన కవర్లో పెట్టి, ఇనుప పెట్టెలో తాళం వేసేది. ఒకసారి ఒక పడుచువాడు ఎదురింటి అమ్మాయి ఫొటో ఇంకో కాపీ కావాలని వస్తే, చెప్పు తీసినంత పని చేసింది. ఆ సంగతి తెలిశాక ఊళ్లో ఆమె మీద నమ్మకం రెట్టింపయింది.

సైదమ్మ ఫొటో దిగడానికి వచ్చిన మనిషి కాదు. పక్క పల్లె నుంచి రోజూ పొద్దున్నే పాలు తెచ్చేది. రెండు బర్రెలు, భర్త గాలయ్య, ఎకరన్నర మెట్ట చెలక, అదే ఆమె సంసారం. ఇరవై ఇళ్లకు పాలు పోసి చివరికి జాహేదా గడపలో కాసేపు కూర్చుని, మంచినీళ్లు తాగి వెళ్లేది.

1988 ఎండాకాలంలో ఒకరోజు సైదమ్మ అలాగే గడపకు ఆనుకుని కూర్చుంది. కొంగు జారిపోయింది. చేయి నుదుటి మీద పెట్టుకుని కళ్లు మూసుకుంది. తలుపు నీడ సగం ముఖం మీద పడి, రెండో సగం వెలుగుతోంది. జాహేదా కెమెరాలో రీలు అయిపోవచ్చింది, ఒక్క ఫొటోకే జాగా ఉంది. నొక్కింది.

"ఏం చేస్తున్నవ్ బీబమ్మా?" సైదమ్మ ఉలిక్కిపడి కొంగు సర్దుకుంది.

"ఏం లేదక్కా, ఉత్తగనే. రీలు ఆఖరయింది."

ప్రింటు తీసి చూస్తే జాహేదాకే నమ్మశక్యం కాలేదు. మూడేళ్లుగా బల్ల మీద పూలకుండీ పెట్టి, గడ్డం పైకెత్తించి తీసిన ఫొటోలన్నీ దీని ముందు బొమ్మలే. పెద్ద సైజులో తీసి స్టూడియో ముందు అద్దాల అరలో పెట్టింది. సైదమ్మ చూసి, "నేను గింత ముసలిదాన్ననా!" అని ఎగతాళిగా నవ్వి వెళ్లిపోయింది.

రెండేళ్ల తర్వాత జీపులో ఒక పెద్దమనిషి వచ్చాడు. హైదరాబాదులో ఏదో సంస్థ, పల్లెల్లో ఆరోగ్యం పనులు చూస్తారట. కెమెరాకు రీలు కొనడానికి వచ్చినవాడు ఆ ఫొటో ముందు నిలబడిపోయాడు. ఎవరు తీశారని అడిగాడు. తనేనంటే జాహేదా వైపు మర్యాదగా చూశాడు. దాన్ని కొంటానన్నాడు, తమ ఆఫీసులో పెట్టుకుంటామన్నాడు. ముఖం తమది కాని ఫొటోను ఎవరైనా కొంటారని జాహేదా అనుకోలేదు. అడిగిన ధరకు బేరమాడకుండా ఇచ్చి ప్రింటు తీసుకెళ్లాడు. ఏ కాగితం మీదా ఏమీ రాసుకోలేదు. ప్రింటు వెనుక స్టూడియో పేరు కూడా లేదు. ఆరోజు జాహేదా అత్తకు మిఠాయి తెచ్చిపెట్టింది.

1991 వానాకాలంలో ఒక పొద్దున సైదమ్మ ఎప్పటికంటే ముందే వచ్చింది. గడపలో కూర్చోలేదు. నెత్తి మీద పాలబిందె అలాగే ఉంది.

"ఎవలూ పాలు పోయించుకుంటలేరు బీబమ్మా," అంది. "నిన్న సగం మంది, ఇయ్యాల అందరు. పుల్లమ్మ అయితే మొఖమ్మీదనే తలుపేసింది. బస్టాండు గోడకు నా ఫొటువ ఉన్నదట. నాకు క్షయ రోగమట. నేనెప్పుడు దగ్గిన, నువ్వే చెప్పు?"

జాహేదా బుర్ఖా వేసుకుని బస్టాండుకు దాదాపు పరుగున వెళ్లింది. దూరం నుంచే తెలిసిపోయింది. అక్షరాలు చదవక ముందే తన ఇంటి తలుపు నీడను పోల్చుకుంది. కింద ఎర్ర అక్షరాలు: 'మూడు వారాలుగా దగ్గా? క్షయ కావచ్చు.' అడుగున ఆ హైదరాబాదు సంస్థ పేరు. అలసిపోయి కూర్చున్న మనిషిని రోగిని చేశారు. పోస్టర్లు ఒకటి కాదు, వరసగా ఆరు ఉన్నాయి.

తిరిగొచ్చేసరికి సైదమ్మ అక్కడే నిలబడి ఉంది. అబద్ధం చెప్పాలని జాహేదాకు ఒక్క క్షణం అనిపించింది. ప్రింటును ఎవరో దొంగిలించారని చెబితే నమ్మేదే.

"నేనే ఇచ్చినక్కా. ఆఫీసుల పెట్టుకుంట అన్నడు. గిట్ల చేస్తడని తెల్వదు."

సైదమ్మ పాలబిందెను నెత్తి మీద సర్దుకుంది. "ఎదురింటి పిల్ల ఫొటువకు చెప్పు తీసినవు. నన్నొక్క మాట అడగరాదా?" అని, పాలబిందెతో వచ్చిన దారినే వెళ్లిపోయింది.

జాహేదా లోపలికి వెళ్లి చూసుకుంది. తాళం వేసిన పెట్టెలో నూర్ల కొద్దీ కవర్లున్నాయి. సైదమ్మ నెగటివ్ మాత్రం పేరు లేకుండా మామూలు డబ్బాలో పడి ఉంది. డబ్బులిచ్చిన వాళ్ల ముఖాలకే తాను కాపలా కాసిందని ఆరోజు తెలుసుకుంది.

మర్నాడు ఆ నెగటివ్ తీసుకుని నల్లగొండ బస్సెక్కింది. కోర్టు దగ్గర రఘుపతి అనే వకీలు ఉన్నాడు. మెహమూద్ ఆయన ఇంట్లో పెళ్లికి ఫొటోలు తీశాడు. నెగటివ్‌ను కిటికీ వెలుగుకు పట్టి చూసి, "ఇది మీ దగ్గరుండుడు మంచిదయింది," అన్నాడు. "ప్రింటు అమ్మినంత మాత్రాన అచ్చేసుకునే హక్కు అమ్మినట్టు గాదు. నోటీసు ఇయ్యొచ్చు. మీ పేరు మీద ఇద్దాం."

"నా పేరు మీదనా? నష్టమైంది సైదమ్మకు గద సాబ్."

"ఆమె పైసలిచ్చి తీయించుకుంటే హక్కు ఆమెదయ్యేది. మీ అంతట మీరు తీసిండ్రు, అందుకే మీది. ఫొటో చట్టంల తీసినోళ్ల గురించి ఉంటది, కొన్నోళ్ల గురించి ఉంటది. ముఖం ఎవలిదని అడగదు. పరువు నష్టం దావా వేరే. అది ఏండ్లకేండ్లు నడుస్తది."

జాహేదా గొంతు తగ్గించి, "ఆమె అప్పుడే పైసలిచ్చినట్టు చీటీ రాస్తే?" అంది.

రఘుపతి కళ్లద్దాలు తీశాడు. "ఆ ఒక్క చీటీ అబద్ధమని తేలితే మీ నిజాలు గూడ అబద్ధమైతయమ్మా. గట్ల చెయ్యకుండ్రి. మీ హక్కును ఆమెకు రాసియ్యొచ్చు. చెలక రాసిచ్చినట్టే."

స్టాంపు కాగితం మీద ఫొటో హక్కు సైదమ్మ పేరున రాసి జాహేదా సంతకం చేసింది. ఆ కాగితం, వకీలు రాసిన నోటీసు, నెగటివ్ పట్టుకుని సైదమ్మ ఇంటికి వెళితే గాలయ్య గుమ్మంలోనే అడ్డం నిలబడ్డాడు. "గోడ మీద ఉన్న కాయితం చాలదని ఇంకో కాయితమా?" అన్నాడు. సైదమ్మే అతన్ని పక్కకు జరిపింది. నెగటివ్‌ను అటూ ఇటూ తిప్పి చూసింది. అందులో తన ముఖం నల్లగా, వెంట్రుకలు తెల్లగా ఉన్నాయి.

"దీన్ని కాలిస్తే గోడ మీదియి పోతయా?"

"పోవక్కా."

"మరెందుకిస్తున్నవ్?"

"ఇగ నీ ఫొటువ గురించి నేను గాదు, నువ్వే అడగొచ్చు."

సైదమ్మ నోటీసు మీద వేలిముద్ర వేసింది. జాహేదా వైపు మాత్రం చూడలేదు.

రెండు నెలలకు సంస్థ నుంచి జవాబు వచ్చింది, ఇంగ్లీషులో. ఫొటోలో ఉన్నది ఎవరో తమకు తెలియదని, చింతిస్తున్నామని, మళ్లీ అచ్చు వేయబోమని, వేసినవి తీయిస్తామని రాశారు. తీయడానికి ఎవరూ రాలేదు. చివరికి జాహేదాయే బకెట్ నీళ్లు, ఇనుప రేకు పట్టుకుని పట్టపగలు బస్టాండుకు వెళ్లింది. బుర్ఖా చేతులు పైకి మడిచి గోడ గీకుతుంటే జనం గుమిగూడారు. ఛాయ్ కొట్టు బాలయ్య, "సర్కారు కాయితం గద, చింపొద్దు," అన్నాడు. జాహేదా జవాబు ఉత్తరం అతని ముందు పెట్టింది. ఇంగ్లీషు చదవలేక అతను తల గోక్కున్నాడు. కాసేపటికి సైదమ్మ ఎటునుంచో వచ్చింది. చెంబుతో గోడ మీద నీళ్లు పోయసాగింది. ఆరు పోస్టర్లు పోయాయి. అక్కడి నుంచి బస్సులు వెళ్లే ఊళ్లలో ఎన్ని ఉన్నాయో ఎవరికీ తెలియదు.

దవాఖానలో పరీక్ష చేయించి రోగం లేదని రాయించుకున్నా ఇళ్లవాళ్లు పాలు పోయించుకోలేదు. సైదమ్మ ఒక బర్రెను అమ్మేసింది. రెండో బర్రె పాలు పాల సేకరణ కేంద్రంలో పోయసాగింది. అక్కడ అందరి పాలూ ఒకే డబ్బాలో కలుస్తాయి కాబట్టి ఎవరివని ఎవరూ అడగరు. జాహేదా రబ్బరు స్టాంపు చేయించి, ప్రతి ప్రింటు వెనుక 'ఫొటోలోని మనిషిని, తీసినవారిని అడగకుండా అచ్చు వేయరాదు' అని కొట్టడం మొదలుపెట్టింది. పెళ్లివాళ్లు చదివి నవ్వుకునేవాళ్లు. ఆమె మానలేదు.

1995లో ఓటు కార్డుల కోసం మోత్కూర్ బడిలో చుట్టుపక్కల పల్లెలవాళ్లకు కూడా ఫొటోలు తీశారు. లైన్లో జాహేదాకు ముందు నలుగురి అవతల సైదమ్మ ఉంది. వంతు రాగానే కుర్చీలో కూర్చోకుండా నిలబడింది.

"గీ ఫొటువ ఎవలి దగ్గరుంటది?" అని అడిగింది.

ఫొటో తీసే అతను, పేర్లు రాసుకుంటున్న బడి మాస్టారు వైపు చూశాడు. మాస్టారు, "సర్కారు దగ్గరుంటది, కూసో," అన్నాడు.

"సర్కారంటే ఎవలు?"

లైన్లో నవ్వులు లేచాయి. జాహేదా నవ్వలేదు. సైదమ్మ వెనక్కి తిరిగి, నాలుగేళ్లలో మొదటిసారి ఆమె ముఖంలోకి చూసింది. "నువ్వు చెప్పు. కూసోవాల్నా?"

"నాకు తెల్వదక్కా," అంది జాహేదా. "కార్డు లేకపోతే ఓటుండదట. గంతే తెలుసు."

సైదమ్మ కూర్చుంది. కళ్లు పెద్దవి చేసి, నోరు బిగించి కెమెరాకేసి చూసింది. కార్డు వచ్చాక చూస్తే అందులో ముఖం ఉండాల్సిన చోట నల్లటి మరక ఉందట. కన్నతల్లి కూడా పోల్చుకోలేదట. దాన్ని చూసి, 'ఇగ దీన్ని ఏ గోడకంటించినా నన్నెవలూ పోల్చరు' అని సైదమ్మ కడుపుబ్బ నవ్విందని గాలయ్య వచ్చి చెప్పాడు. ఆ ముఖం స్పష్టంగా ఉన్నది తను తీసిన ఒక్క ఫొటోలోనే అని గుర్తొచ్చి జాహేదాకు నవ్వు రాలేదు.