ఎవరికీ రాదనుకున్న తెలుగు

కుప్పంలో పుట్టినవాళ్ళకు గుట్టుగా మాట్లాడుకునే భాగ్యం లేదు. మా ఇంట్లో తెలుగు, పక్కింట్లో తమిళం, ఎదురింట్లో కన్నడం. ఏ భాషలో గొణిగినా వీధిలో ఎవరో ఒకరు తలుపు సందులోంచి జవాబిస్తారు. అందుకే చిన్నప్పటినుంచీ నోరు అదుపులో పెట్టుకునే పెరిగాను.

డాక్టరు చదువుకని కిర్గిజ్‌స్థాన్ రాజధాని బిష్కెక్ వెళ్ళాక ఆ అదుపు తప్పింది. అక్కడ కాలేజీలో, ఆఫీసుల్లో, బస్సుల్లో రష్యన్. ఇళ్ళల్లో, సంతలో ముసలివాళ్ళ దగ్గర కిర్గిజ్. మన దేశం పిల్లలు కలిస్తే హిందీ. తెలుగు మాత్రం, మేం అద్దెకున్న ఇంట్లో నాకూ నా రూమ్మేటుకూ తప్ప ఎవరికీ రాదు. ఆమెది పుంగనూరు. ఇంటామె ఎదురుగా కూర్చునుండగానే ఇంటామె గురించి మాట్లాడుకునేవాళ్ళం. అదేం రోగమో, నాకది భలే హాయిగా ఉండేది.

ఇంటామె ఒంటరి ముసలావిడ. కూతురు మాస్కోలో కాపురం. అక్కడే పుట్టిన మనవడికి రష్యన్ తప్ప మరో ముక్క రాదు. వాడితో రష్యన్‌లోనే మాట్లాడి, ఫోను పెట్టేసి, మొహం వేలాడేసుకుని నా దగ్గరకొచ్చేది. టీ పోసి కిర్గిజ్ నేర్పేది. రొట్టెనేమంటారు, కోపాన్నేమంటారు, అత్త చెల్లెల్నేమంటారు. నన్ను 'కిజిమ్' అని పిలిచేది, నా కూతురా అని. నాకు కాస్త మాట రాగానే నాతో రష్యన్ పూర్తిగా మానేసింది. చివరి ఏడాది చదువుకోవడానికి లోపలి గది నాకే ఇస్తానంది.

ఒకరోజు ముగ్గురం టీ తాగుతుంటే రూమ్మేటు తెలుగులో ఎగతాళికి దిగింది.

"ఏం మే, ముసిలామెకు దత్తత పోయినావా?"

నేనూ తగ్గలేదు. "మనవడితో తన బాసలో మాట్లాడల్యాక నన్ను పట్టుకోనుండాది. రూము కోసరం నేనూ తలూపుతాండాను."

ముసలావిడ ముందే అన్నాను, నవ్వుతూ. నిజం కాదది. గొప్పకు పోయి అన్న మాట.

వారం తిరక్కుండా లోపలి గదిలోకి రూమ్మేటు పెట్టె చేరింది. నా మాటల్ని ఒక్కటీ వదలకుండా రష్యన్‌లో ఇంటామెకు అప్పజెప్పిందట. పరీక్షలో దాని రష్యన్ అంతా తప్పులతడక. ఆ రోజు మాత్రం చక్కగా కుదిరినట్టుంది!

నిలదీశాను.

"నేనేమన్నా అల్లి సెప్పినానా? నువ్వన్నిందే కదా మే."

రెండేళ్ళు ఒకే కంచంలో తిన్న మనిషి. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇప్పుడు నేను మదనపల్లెలో ఆసుపత్రిలో పనిచేస్తున్నాను, అది పుంగనూరులో క్లినిక్ పెట్టుకుంది. పెళ్ళిళ్ళలో ఎదురై "బాగుండావా మే?" అంటుంది. నేను ఇంగ్లీషులో జవాబిస్తాను.

దాని మీద కోపం ఎన్నేళ్ళైనా మోస్తాను. దాన్ని తిట్టుకుంటే కాస్త చల్లబడుతుంది కూడా. కానీ ఆ ఇల్లు ఖాళీ చేసిన రోజు ఉంది చూశారూ, దానికి ఎవర్ని తిట్టుకోను?

ఆ రోజు ముసలావిడ ముందు నిలబడి, వచ్చిన కిర్గిజ్ అంతా కూడబలుక్కుని చెప్పాను. గది కోసం కాదు, మీ పక్కన కూర్చోవడం నాకిష్టం, అందుకే వచ్చేదాన్ని అని. ఒక్క తప్పు కూడా పోలేదనుకుంటాను. ఆవిడ చివరిదాకా విన్నది.

"తాళంచెవి బల్లమీద పెట్టి వెళ్ళు" అంది, రష్యన్‌లో.