నాగభూషణంగారి జీడిపప్పు పద్ధతి

నాగభూషణంగారికి ఉన్నది ఒకే ఒక్క పిచ్చి. ఆఫీసులో చేయాల్సిన పనులు మరిచిపోకుండా ఉండడానికి ఒక మంచి పద్ధతి కావాలి. దొరికిన పద్ధతి వారం తిరక్కుండా పాతబడిపోయేది. అందుచేత పలాసలో ఆయన గుమాస్తాగా ఉన్న జీడిపప్పు కంపెనీకి వెళ్ళినవాళ్ళకి ఆయనలో ఎప్పుడూ ఏదో ఒక తేడా కనిపించేది.

ఒకసారి గడియారం కుడిచేతికి మారింది. స్టేషన్లో పార్శిలు బుక్ చేయాలని దానర్థం. ఇంకోసారి వేళ్ళకి రంగురంగుల దారాలు కట్టుకొచ్చి, క్యారేజీ తినేముందు విప్పేసి, ఏ దారం ఏ పనిదో తేలక అరచేతిలో పెట్టుకుని కూర్చున్నారు. చొక్కా తిరగేసి తొడుక్కొచ్చిన రోజున పోస్టుమాన్ పైడయ్య, పాపం ఇంట్లో ఏం గొడవో అని పలకరించకుండానే వెళ్ళిపోయాడు. ఆ చొక్కా కరెంటు బిల్లు కట్టాలని గుర్తు.

రెండువేల ఒకటిలో ఆఫీసుకి కంప్యూటరొచ్చింది, దాని ముందు కూర్చోడానికి జెస్సీ వచ్చింది. ఓనరు కూర్మనాథం ఆ పిల్లని పిలిచి ఉన్నమాట చెప్పేశాడు. ఇక ఇద్దరు గుమాస్తాలు అక్కర్లేదు. నాగభూషణం, సరుకు పంపే పోలారావు, ఈ ఇద్దరిలో పనులు మరిచిపోయేదెవరో కనిపెట్టి చెబితే నెలాఖరుకి ఆ ఒక్కణ్ణీ పంపేస్తాడు. నాగభూషణంగారి పని అయిపోయిందనుకుంది జెస్సీ. కనిపెట్టడానికేముంది, తిరగేసిన చొక్కా ఊరందరికీ కనిపిస్తూనే ఉంది.

ఎలాగైనా ఆయన్ని గట్టెక్కించాలని, "బాబాయ్, మీ పనులన్నీ చెప్పండి, కంప్యూటర్లో ఎక్కించేస్తాను" అంది. ఆయన సంబరంగా చెప్పారు, ఆమె టకటకా కొట్టింది. ఆఖరి పని దగ్గరికొచ్చేసరికి కరెంటు పోయింది, దాంతోపాటు పనులన్నీ పోయాయి. ఏడుపు మొహం పెట్టిన జెస్సీని ఆయనే ఓదార్చి, మర్నాడు జీడిపప్పుతో దిగారు.

పనికో పప్పు. ఈరోజే కావలసిన పనికి గుండు, అంటే పగలని నిండు పప్పు. రేపైనా ఫరవాలేదంటే బద్ద. ఎప్పుడైనా సరే అంటే ముక్క. పనైపోతే నోట్లో వేసుకోవడమే. సగమైతే సగం కొరికి మిగతాది మళ్ళీ దాచడం. అయితే దాచేది తన జేబులో కాదు, పోలారావు జేబులో.

"నా దగ్గరుంటే పనవకముందే తినేత్తాను బావా. నువ్వుంచి, నాకు గుర్తుసెయ్యి" అనేవారు.

పోలారావు ఛాతీ విరుచుకుని తిరిగేవాడు. "బావా, టెక్కలి టిన్నులింకా నా జేబులోనే ఉన్నాయేటి?" అని కసిరి, ఆయన లేచేలోపు తానే పరుగెత్తి బండికి ఎక్కించేసేవాడు. ఒకరోజు కంచిలి రైతొకాయన మాటల్లో చెయ్యి చాపితే, మర్యాదకి రెండు గుండ్లు పెట్టేశాడు. ఆ రైతు ఏ పనులు నమిలేశాడో తేలక సాయంత్రం దాకా ఆఫీసంతా తల పట్టుకుంది.

తరవాత పోలారావు డొంకూరులో పెళ్ళికని సెలవు పెట్టాడు. ఆవేళ నాగభూషణంగారి చొక్కా తిన్నగా ఉంది. గడియారం ఎడమచేతికే ఉంది. ఎక్కడా పప్పన్నది లేదు. తన పనులూ, పోలారావు పనులూ వరసగా చేసేసి, భోజనాల వేళకి తీరిగ్గా పేపరు తిరగేస్తున్నారు.

జెస్సీ ఎదురుగా కూర్చుని, మతిమరుపు ఏమైందని అడిగింది.

"ఈవేళ ఆ సంగతి మరిచిపోయానమ్మా" అన్నారాయన.

ఆ పిల్ల వదిలితేనా? నెలాఖరు సంగతి చెప్పేసి, పోయేది మీ ఉద్యోగమేనని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. అప్పుడాయన పేపరు మడిచారు. "ఆ దారాల పనులూ, పప్పుల పనులూ అన్నీ పోలారావువే తల్లీ. ఆడికేదీ గుర్తుండదు. నీకు మతిమరుపని ఆడితో అంటే కుంగిపోతాడు, నాకుందంటే కొమ్ములొచ్చి పరుగెడతాడు. నానైతే ఏ కొట్లోనైనా బతికేత్తాను. ఆడికింకెవడు పనిత్తాడు?"

జెస్సీకి ఆ మనిషి కాళ్ళకి దండం పెట్టాలనిపించింది.

నెలాఖరున జెస్సీ ఎవరి పేరూ చెప్పకపోయేసరికి, కూర్మనాథం ఇద్దరినీ విడివిడిగా లోపలికి పిలిచి, మరిచిపోయేవాణ్ణి తీసేస్తానని చెప్పి అడిగాడు. తరవాత జెస్సీని పిలిచి విసుక్కున్నాడు. "నానే మరిచిపోయానని ఈడంటాడు, కాదు నానేనని ఆడంటాడు. తప్పొప్పుకున్నోణ్ని ఎలా తీసేత్తాం? ఇద్దరూ ఒప్పేసుకున్నారు. ఉండనీ."

జెస్సీ బయటికి రాగానే పోలారావు ఆమెని పక్కకి లాగాడు. మొహం వెలవెలబోతోంది. "మా బావని తీసేత్తారని భయమేసి, ఆ మరిచిపోయినవన్నీ నావేనని అబద్ధమాడేసేనమ్మా. ఆదివారం మీ చర్చిలో నా కోసం ఓ ప్రార్థన సెయ్యి."

"అలాగే మావయ్యా" అంది జెస్సీ, పెదవి కొరుక్కుని.

ఆదివారం మోకరించింది గానీ, ఆడని అబద్ధానికి క్షమాపణ ఎలా అడగాలో ఆమెకి తోచలేదు. ఇద్దరి ఉద్యోగాలూ చల్లగా ఉండాలని అడిగేసి, నవ్వాపుకుంటూ లేచింది.