సైబర్‌పంక్ పిచ్చి, సిమెంటు బొటనవేళ్ళు

ఆ రోజుల్లో భవిష్యత్తంటే నా కళ్ళముందు ఒకటే బొమ్మ ఆడేది. ఎడతెగని వాన, తడి రోడ్ల మీద నియాన్ రంగులు, ఒంట్లో సగం ఇనుప సామాను పెట్టించుకుని తోలు కోటులో తిరిగే హీరో, ఊరినంతా మింగేసిన ఒకే ఒక్క కంపెనీ. దాన్ని సైబర్‌పంక్ అంటారని కాలేజీలో తెలుసుకున్నాను (కాలేజీలో నేను తెలుసుకున్నది అదొక్కటేనని మా నాన్న అభిప్రాయం). అలాంటి సినిమాలు, ఆటలు లాప్‌టాప్ నిండా ఎక్కించుకుని, రెండు మూడు నలిగిన ఇంగ్లీషు నవలలు సంచిలో కుక్కుకుని పని కోసం ఒమాన్‌లోని ఇబ్రిలో దిగాను. అక్కడ వాన కోసం చూస్తే ఎండ పడుతోంది. నియాన్ అంటారా, బజార్లో పరోటాల హోటల్ మీద ఒక బోర్డు ఉండేది గానీ, అందులో సగం అక్షరాలు వెలిగేవి కావు.

మా మేనమామ అప్పటికే అక్కడొక బిల్డింగుల కంపెనీలో మేస్త్రి. నన్ను స్టోర్లో పనికి పెట్టించి, కంపెనీ క్యాంపులో తన రూమ్‌లోనే మంచం ఇప్పించింది ఆయనే. రూమ్‌లో అందరం జగిత్యాల చుట్టుపక్కల వాళ్ళమే. శుక్రవారం సెలవు కాబట్టి, కూర ఉడికేలోపు నేను ఓ సినిమా పెట్టి, డైలాగుకో ముక్క చొప్పున తెలుగులో అర్థం చెప్పేవాణ్ణి. అన్నిట్లోకీ నాకు ఇష్టమైనది ఉక్కు చెయ్యి హీరోది.

"ఆ చెయ్యి ఆయనది కాదు మామా, కంపెనీది. పని మానేస్తే కంపెనీ గుంజుకుంటది" అని గొంతు బరువు చేసుకుని చెప్పాను.

మామ గరిటె ఆపి ఆలోచించాడు. "మరి సెలవు మీద ఇంటికి పోయేటప్పుడు చెయ్యి ఈడ్నే ఇడిసిపెట్టి పోవాల్నా?"

"పాస్‌పోర్ట్ లెక్క, పోయేటప్పుడు ఇచ్చి రాంగనే గుంజుకుంటరు" అన్నాడు పక్క మంచమాయన.

ఇక నవ్వులే నవ్వులు. మానవాళి భవిష్యత్తు గురించి గజగజ వణకాల్సిన చోటల్లా మా రూమ్ కడుపు పట్టుకుని నవ్వేది. నాకు మాత్రం తల తీసేసినట్టుండేది. అయినా ఆ సినిమాల పుణ్యమాని నాకో పేరు స్థిరపడింది, "కంప్యూటర్ అల్లుడు".

ఇంతలో కంపెనీ హాజరుకి వేలిముద్రల మిషన్ తెచ్చి మెస్ గోడకు బిగించింది. పొద్దున్నే బొటనవేలు పెడితేనే ఆ రోజు డ్యూటీ పడుతుంది. సిమెంటులో మునిగి తేలిన వేళ్ళకు గీతలెక్కడివి? మామ వేలు పెట్టిన ప్రతిసారీ అది ఎర్రగా వెలిగి, ఆడగొంతుతో ఇంగ్లీషులో మళ్ళీ పెట్టమనేది. మామకు రెండేళ్ళకోసారి వచ్చే సెలవు దగ్గర పడింది. గైర్హాజరీలు పడితే ఆ సెలవు కాస్తా వెనక్కి పోతుంది. కూతురు పురుడు పోసుకునే నెల అది. ఆయన నవ్వడం మానేశాడు.

"అల్లుడా, నీ సినిమాల్ల లోపటికి జొర్రి అన్నీ మార్చేస్తరు గద. జర ఇది సూడరాదు."

అది నాకు చాతకాదని చెప్పాల్సిన క్షణం. చెప్పలేదు. శుక్రవారం మధ్యాహ్నం, క్యాంపు మొత్తం చుట్టూ నిలబడి చూస్తుండగా, నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని మరీ (నీడలోనే) మిషన్ ముందుకెళ్ళాను. పాస్‌వర్డ్ అడిగింది. తోచిన అంకెలన్నీ కొట్టాను. తెర ఆరిపోయింది. సినిమాల్లో ఈ ఘట్టంలో మూత ఊడదీస్తారని గుర్తొచ్చి స్క్రూడ్రైవర్‌తో ఊడదీశాను. అంబులెన్స్ మీద పడ్డట్టు సైరన్ మొదలైంది. క్యాంప్ బాస్ బిర్యానీ చేత్తోనే పరిగెత్తుకొచ్చాడు.

"కౌన్ కియా యే?"

క్యాంపంతా ఒక్కసారి నా వైపు తిరిగింది. మామ మాత్రం గర్వంగా, "హమారా అల్లుడు సాబ్, అందర్ ఘుస్ రహా హై" అని పరిచయం చేశాడు.

మర్నాడు నన్ను ముదీర్ దగ్గరికి తీసుకెళ్ళారు. ఒమానీ పెద్దమనిషి. మేనేజర్ హోదాకి తగ్గట్టు కేకలేస్తాడనుకుంటే, నా కళ్ళద్దాల సంగతంతా విని మీసాల్లో నవ్వుకుని, హిందీలో ఒకటే అన్నాడు: "మిషన్ మీద అంత ప్రేముంటే, ఇకనుంచి నువ్వే చూసుకో."

ఆ విధంగా నా సైబర్ జీవితం మొదలైంది. రోజూ తెల్లారి ఒక చేతిలో వేణ్ణీళ్ళు, ఇంకో చేతిలో లోషన్ సీసాతో మిషన్ పక్కన నిలబడి, వరసలో వచ్చే వాళ్ళ బొటనవేళ్ళు కడిగి, రుద్ది, మెత్తబరిచి అద్దం మీద పెట్టించడమే నా పని. మామ వేలికి మాత్రం వారం పట్టింది. చివరికో రోజు పచ్చగా వెలిగి, ఆ ఆడగొంతు థాంక్యూ అంది.

"మంచిదమ్మా, ఉంట మరి" అన్నాడు మామ దానితో. సెలవు దక్కింది. మనవరాలు పుట్టిన రోజుకు ఇంట్లోనే ఉన్నాడు.

ఇప్పుడు మస్కట్‌లో వేరే కంపెనీ, ఘుబ్రాలో ఇల్లు. మొన్నో శుక్రవారం ఆ పాత సినిమాల్లో ఒకటి వెతికి పెట్టాను. మళ్ళీ చూడదగ్గదే, వాన ఇంకా బాగానే కురుస్తోంది. పక్కన కూర్చున్న మా అమ్మాయి మొదట్లో తెర మీద పడిన సంవత్సరం చదివి, "ఇది ఫ్యూచర్ అన్నవ్ గద నాన్నా, నేను పుట్టిన ఇయర్ వేసిండ్రేంది?" అంది.

చూస్తే నిజమే. ఆ కళ్ళద్దాల కుర్రాడు అంతగా ఎదురుచూసిన భవిష్యత్తు ఎప్పుడో వచ్చి వెళ్ళిపోయింది. అది వచ్చిన రోజు నేను ఆసుపత్రి వరండాలో, పాల సీసా మూత ఎటు తిరుగుతుందో తెలియక తంటాలు పడుతున్నాను.