మా అమ్మాయి వంతు

స్వీటు డబ్బా పట్టుకుని పక్క క్వార్టర్ గేటు తీసేసరికే, అన్నయ్యగారు తెల్లారగట్ల నిద్రలో ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయారని వాకిట్లో ఉన్నవాళ్ళు చెప్పారు. పెళ్ళయిన ఎన్నో ఏళ్ళకి మా అమ్మాయికి ఆడపిల్ల పుట్టిందని నాగపూర్ నుంచి అప్పుడే ఫోనొచ్చింది. దేవుడికి వెయ్యి స్తోత్రాలు. ఆ మాట మొదట ఆయనకే చెప్పాలని చెప్పులైనా వేసుకోకుండా పరిగెత్తాను. ఆ డబ్బా ఎక్కడ పెట్టానో గుర్తే లేదు.

నాకు రక్తసంబంధం కాదు ఆయన. ఉక్కు ప్లాంటులో ఒకే షిఫ్టు, సెక్టర్ 6లో ఒకే గోడకి అటూ ఇటూ, చర్చిలో ఒకే బెంచీ. ఇంట్లో కూడా హిందీయే మాట్లాడే మన పిల్లల చేత తెలుగులో పాటలు పాడించింది ఆయనే. ఒక క్రిస్మస్‌కి అందర్నీ పొడుగు ప్రకారం నిలబెట్టి, తలా ఒక పాట క్యాసెట్‌లో పట్టారు. ప్రతి పాటకీ ముందు “పాడమ్మా, భయమేటి” అని ఆయన గొంతు వినిపిస్తుంది. మా అమ్మాయి అందరికన్నా పొడుగు. దాని పాట ఆఖరిది.

ఆ పిల్లలంతా తలోవైపు పోయారు. రిటైరయ్యాక ఆయన పాత కారొకటి కొని, సుపేలా బజార్లో స్టీరియో పెట్టించి, ఆ క్యాసెట్‌ని సీడీ చేయించారు. తీరా చూస్తే, కారు తాళం తీసి మళ్ళీ పెట్టిన ప్రతిసారీ ఆ స్టీరియో మళ్ళీ మొదటి పాటకే వచ్చేది. బజారుకి వెళ్ళేలోపు రెండు పాటలు, వచ్చేటప్పుడు మళ్ళీ అవే రెండు.

“ఈ ఇద్దరే పుట్టారేటి మన చర్చిలో?” అని వదినగారు వెనక సీట్లోంచి వేళాకోళం చేసేవారు.

బటన్ నొక్కి ముందుకి పోదామంటే ఆయన ఒప్పుకోరు. “వరసలో నిలబెట్టిన పిల్లని దాటించకూడదు తమ్ముడూ. చిన్నబుచ్చుకుంటాది.” మా అమ్మాయి పాట కోసమే ఒకసారి నన్ను ఊరి బయట కుమ్హారి దాకా తీసుకెళ్ళారు. సరిగ్గా దాని ముందు పాటలో ఉండగా ఇంజను ఆగిపోయింది. మళ్ళీ స్టార్ట్ చేస్తే మొదటి పాప అందుకుంది. రోడ్డు పక్కన ఇద్దరం పడీ పడీ నవ్వాం.

స్టీరియో దుకాణం భయ్యా చివరికి ఒక సీడీ ఇచ్చాడు. ఇది వేస్తే స్టీరియోని నడిపే లోపలి ప్రోగ్రాం, అదే ఫర్మ్‌వేర్, కొత్తదవుతుంది, ఆపిన చోటి నుంచే పాడుతుంది, కానీ మధ్యలో ఆపితే స్టీరియో ఇక పలకదు అని హిందీలో మరీ మరీ చెప్పాడు. ఇంక చూడాలి అన్నయ్యగారి భయం. ఇంటి ముందే ఇంజను నడుస్తుండగా చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. నన్ను తలుపు తియ్యనివ్వలేదు. వదినగారు టీ తెచ్చి అద్దం మీద తడితే తల అడ్డంగా ఊపారు. “ఫర్నేసు మరుగుతుంటే వదిలేసి పోతామేటి?” అన్నారు, గుసగుసగా. తెర మీద గీత నిండింది, దీపం ఆరింది, మళ్ళీ వెలిగింది. పాటల సీడీ పెట్టి, మొదటి పాట సగంలో తాళం తీసి మళ్ళీ తిప్పారు. సగంలోంచే అందుకుంది. నా భుజం పట్టుకుని కుదిపేశారు.

అప్పట్నుంచి సాయంత్రాలు కూరలకని వెళ్తూ, ఏ పిల్ల ఇప్పుడు ఎక్కడుందో చెప్పుకుంటూ ఒక్కొక్కళ్ళనే విన్నాం. ఆయన పోయే ముందురోజు, ఆఖరి పాటకి ముందుది మా గేటు దగ్గర అయిపోయింది. ఆయన తాళం తీసేశారు.

“రేపు మీ అమ్మాయి వంతు. నువ్వు ఎక్కకుండా తిప్పను.”

మొన్న వదినగారు ఆ తాళం నా చేతిలో పెట్టారు. “బ్యాటరీ పోతాదంట మరిదిగారూ, ఓసారి తిప్పండి.” నేనెప్పుడూ కూర్చోని ఆయన సీట్లో కూర్చున్నాను. నేను కూర్చునే సీటు పక్కన ఖాళీగా ఉంది. తిప్పాను. కాసేపు పాత క్యాసెట్ గరగర. ఆ గరగరలోనే చెప్పేశాను, ఆడపిల్ల పుట్టింది అన్నయ్యగారూ అని.

“ఊఁ,” అంది ఆయన గొంతు. “నువ్వే ఆఖరు. పాడమ్మా, భయమేటి.”

గేటు దగ్గరున్న వదినగారు ఆ గొంతు విని, వచ్చి కారు పక్కన నిలబడ్డారు. నేను అద్దం దించాను.